పెద్ద కంపెనీల పనిముట్టు కాదిది

“నిక్స్ లాంటివి హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు. జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో కూర్చుని చిన్న చిన్న యాప్‌లు చేసేవాడికి ఆండ్రాయిడ్ స్టూడియో చాలు.” వరంగల్ చుట్టుపక్కల యాప్‌ల పని చేసేవాళ్ల దగ్గర, ఆ పని నేర్పేవాళ్ల దగ్గర ఈ మాట చాలాకాలంగా చెలామణిలో ఉంది. సీనియర్ చెప్తాడు, జూనియర్ నమ్ముతాడు, రేపు తాను సీనియరయ్యాక అదే చెప్తాడు. ఈ మాట తప్పు. అది చేసే నష్టం కూడా ఎవరికి నిక్స్ అక్కర్లేదంటున్నారో వాళ్లకే జరుగుతోంది.

వాళ్ల వాదాన్ని ముందు దాని బలంతోనే చెప్తాను. చిన్న ఊరి డెవలపర్‌కు ఉండేది ఒక్క ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, విండోస్. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే. క్లయింట్ అంటే హోల్‌సేల్ కిరాణా షాపు, ప్రైవేటు స్కూలు, లోకల్ న్యూస్ నడిపేవాళ్లు. వాళ్లిచ్చే డబ్బు పెట్టిన రోజులకే సరిపోదు. ఇలాంటప్పుడు కొత్త భాష నేర్చుకుని, డిస్కు నింపుకుని, ఆండ్రాయిడ్‌తో సరిగ్గా పొసగని ప్యాకేజీ మేనేజర్‌తో కుస్తీ పట్టడం దండగ. వెర్షన్లు పట్టి ఉంచే ఏర్పాటు ఆండ్రాయిడ్ యాప్‌లను కట్టే పనిముట్టు గ్రేడిల్‌లో ఎలాగూ ఉంది. అదీ చాలకపోతే డాకర్ ఉంది. ఇదీ వాదం. ఇందులో ప్రతి ముక్కలోనూ ఎంతో కొంత నిజముంది కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది.

నిక్స్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. 2003లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఏల్కో డోల్‌స్ట్రా మొదలుపెట్టిన ప్యాకేజీ మేనేజర్ ఇది. 2006లో ఆయన పీహెచ్‌డీ గ్రంథం దీని మీదే. గణితంలో ఫంక్షన్‌కు ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. సాఫ్ట్‌వేర్ కట్టడాన్ని కూడా అలాంటి ఫంక్షన్‌గా చూడాలన్నది ఆయన ఆలోచన. ఒక ప్యాకేజీ తయారీకి వాడిన సోర్సు, కంపైలరు, లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ కలిపి ఒక హ్యాష్ లెక్కగడతారు. ఆ హ్యాష్ పేరుతోనే ప్యాకేజీ నిక్స్ స్టోర్‌లో విడి ఫోల్డర్‌గా ఉంటుంది. ఒక్క ఇన్‌పుట్ మారితే హ్యాష్ మారుతుంది, కొత్త ఫోల్డర్ పుడుతుంది. పాతది చెక్కుచెదరదు. జావా 8, జావా 11, జావా 17 ఒకే మెషీన్‌లో ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉంటాయి. 2012లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన గీక్స్ కూడా ఇదే దారిలో నడుస్తుంది.

1. “స్టూడియో చాలు” అన్నది మొదటి ఏడాది మాట

కేసముద్రం మార్కెట్‌లో ఒక మిర్చి వ్యాపారి కోసం 2021 మొదట్లో లెక్కల యాప్ ఒకటి కట్టారనుకుందాం. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, చెల్లింపు, అంతే. ఆనాటి లెక్కన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 4.1, గ్రేడిల్ 6.5, జావా 8. యాప్ బాగానే నడిచింది. 2025 చివర్లో వ్యాపారి ఫోన్ చేసి, కమీషన్ లెక్క మారింది, సరిచేసి ప్లే స్టోర్‌లో పెట్టమన్నాడు. అరగంట పని.

ఈ మధ్యలో డెవలపర్ ల్యాప్‌టాప్ మారింది. కొత్తదాంట్లో ఉన్నది జావా 17. ప్రాజెక్టు తెరిచి బిల్డ్ కొడితే ఎర్ర అక్షరాల్లో వచ్చేది ఇది: “అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61”. ఆ 61 అంటే జావా 17. గ్రేడిల్ 7.3 కంటే పాతది దాని మీద నడవదు. ఈ సంగతి ఆ ఎర్రర్‌లో ఎక్కడా రాసి ఉండదు. వెతికి వెతికి పాత జావా దించి, జావా హోమ్ మార్చితే, నిన్నటిదాకా నడిచిన ఇంకో క్లయింట్ ప్రాజెక్టు పడిపోతుంది.

అది దాటితే లైబ్రరీల దగ్గర ఆగుతుంది. బిల్డ్ ఫైల్‌లో జేసెంటర్ అనే లైబ్రరీల భండారం పేరున్న వరుస ఉంది. ఆ రోజుల్లో ప్రతి ట్యుటోరియల్‌లోనూ ఆ వరుస ఉండేది. ఆ భండారాన్ని మూసేస్తున్నామని జేఫ్రాగ్ సంస్థ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2024 ఆగస్టు 15 నుంచి అక్కడికొచ్చే అభ్యర్థనలన్నీ మావెన్ సెంట్రల్ అనే ఇంకో భండారానికి మళ్లిపోయాయి. జేసెంటర్‌లో మాత్రమే ఉన్న లైబ్రరీ అక్కడ దొరకదు.

అదీ దాటాక ప్లే స్టోర్. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ ఆండ్రాయిడ్ 15ను, అంటే ఏపీఐ 35ను, టార్గెట్ చేయాలన్నది గూగుల్ నిబంధన. ఏపీఐ 35 కావాలంటే ప్లగిన్ 8.6 కావాలి. దానికి గ్రేడిల్ 8.7 కావాలి. ఆ ప్లగిన్‌కే జావా 17 కూడా కావాలి. ఒక్క వరుస మార్చడానికి వచ్చినవాడు నాలుగేళ్ల మెట్లు ఒక్క దూకులో ఎక్కాల్సి వస్తోంది.

నిక్స్ ఉంటే ఈ మెట్లు మాయమైపోతాయని నేననను. కానీ ఎక్కడ నిలబడి ఎక్కాలో అది చూపిస్తుంది. 2021 చివర్లోనైనా ఆ ప్రాజెక్టులో ఏ పనిముట్లు కావాలో రాసే ఫ్లేక్ ఫైలు, దాని పక్కన వాటి వెర్షన్లు పట్టి ఉంచే లాక్ ఫైలు చేర్చి ఉంటే, ముందు పాత యాప్‌ను పాత జావాతో, పాత గ్రేడిల్‌తో పాతగానే కట్టి, ఫోన్‌లో వేసి చూడొచ్చు. అది నడిచాక ఒక్కో మెట్టూ మార్చొచ్చు. ఎక్కడ చెడిందో అక్కడే తెలుస్తుంది. చెడితే గిట్‌లో ఒక కమిట్ వెనక్కి వెళ్తే పనిముట్లు కూడా దానితోపాటే వెనక్కి వెళ్తాయి. ఆ ఆధారం లేకపోతే, కొత్త బిల్డ్‌లో తూకం లెక్క తప్పు వస్తే అది పాత తప్పో, ఈ దూకులో పుట్టిన తప్పో తేల్చుకునే మార్గమే ఉండదు. రైతుకు తక్కువ డబ్బు చేతికొచ్చాక గాని తెలియదు.

జేసెంటర్‌లో పోయిన లైబ్రరీని నిక్స్ తిరిగి తెస్తుందా? మీరు కాపీ దాచుకోకపోతే తేలేదు. హ్యాష్ ఒక్కటే చేతిలో ఉంటే ఫైలు పుట్టదు. కానీ గ్రేడిల్ లైబ్రరీలను కూడా నిక్స్‌తోనే దింపేలా కడితే, ఏ ఫైళ్లు దాచుకోవాలో పూర్తి జాబితా చేతికొస్తుంది. స్టూడియో ఆ జాబితా ఇవ్వదు.

2. “డేటా తినేస్తుంది”

అన్నిటికంటే ఎక్కువ వినపడేది ఇదే. డిస్కు సంగతి ఒప్పుకుంటాను. నిక్స్ స్టోర్ పెరుగుతూ పోతుంది, వాడనివాటిని గార్బేజ్ కలెక్ట్ ఆదేశంతో అప్పుడప్పుడూ ఊడ్చేయాలి. లాక్ ఫైలును వారంవారం కొత్తది చేసేవాడికి డేటా కూడా నిజంగానే పోతుంది. కింది లైబ్రరీ ఒకటి మారితే దాని మీద కట్టినవన్నీ కొత్తగా దిగుతాయి. అందుకే లాక్‌ను పని పడ్డప్పుడే మార్చాలి. ప్యాక్‌లో రోజుకు 1.5 జీబీ వచ్చేవాడు ఈ నియమం తప్పితే దెబ్బతింటాడు.

కానీ డేటా కరువున్న చోట నిక్స్ పనికిరాదన్నది మాత్రం దాని పనితీరు తెలియక అనే మాట. నిక్స్ స్టోర్‌లో ప్రతి వస్తువుకూ హ్యాష్ ఉంది, దించుకున్న ప్యాకేజీకి సంతకం ఉంది. అందుకని అది ఎక్కడినుంచి వచ్చిందన్నది పట్టింపు కాదు. భూపాలపల్లిలో ముప్పై కంప్యూటర్ల ల్యాబ్ ఉందనుకోండి. ఇవాళ ముప్పైమంది విద్యార్థులు ముప్పైసార్లు అదే ఎస్‌డీకే దించుతారు. నిక్స్‌తో ఒక మెషీన్ దించి, కాష్‌గా దాచి పెడితే చాలు. మిగతా ఇరవైతొమ్మిదీ ల్యాబ్ నెట్‌వర్క్‌లోని ఆ కాష్ నుంచే తీసుకుంటాయి, బయటి నెట్ తాకకుండా. నిక్స్ కాపీ ఆదేశంతో ఆ కాష్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోవచ్చు. పలిమెల, మహాముత్తారం, కొత్తగూడ, గంగారం లాంటి అడవి మండలాల్లో సిగ్నల్ కోసం ఇంటి బయటికొచ్చి నిలబడే పిల్లాడికి ఆ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఇవ్వొచ్చు. ల్యాబ్‌లో కట్టినవాటికి ల్యాబ్ తన సొంత తాళంచెవితో సంతకం పెడుతుంది. అటువైపు మెషీన్ ఆ సంతకం సరిపోతేనే లోపలికి రానిస్తుంది.

పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడు మాత్రం తిరగడం లేదా? తిరుగుతున్నాయి. సీనియర్ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌డీకే ఫోల్డర్ జిప్ చేసి, ఆ జిప్‌ను పదిమంది పంచుకుంటారు. అందులో ఏముందో ఎవరూ చూడరు, చూసే సాధనం కూడా వాళ్ల దగ్గర లేదు. దీని పర్యవసానం ఊహించి చెప్పక్కర్లేదు, ఒకసారి జరిగింది. 2015లో చైనాలో ఆపిల్ సర్వర్ల నుంచి ఎక్స్‌కోడ్ దించుకోవడం నత్తనడకగా ఉండేది. డెవలపర్లు బైదూ ఫైల్ షేరింగ్‌లో ఎవరో పెట్టిన కాపీని వాడుకున్నారు. ఆ కాపీలో విషం కలిపి ఉంది. దానితో కట్టిన ప్రతి యాప్‌లోకీ ఆ విషం ఎక్కింది. వీచాట్ లాంటి పెద్ద యాప్‌కు కూడా అంటుకుంది. ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అని ఆ ఉదంతానికి పేరు. దాని మూలం డెవలపర్ దురాశ కాదు, నెమ్మది నెట్.

జనగామ రైతు పత్తి విత్తనాల ప్యాకెట్ కొనేటప్పుడు లాట్ నంబరు, లేబుల్ చూసుకుంటాడు. నకిలీ విత్తనంతో ఒక పంట పోగొట్టుకున్నవాడికి ఎవరూ ఆ సంగతి చెప్పక్కర్లేదు. వందలమంది ఫోన్లలో పడే యాప్‌ను కట్టే పనిముట్టుకు లేబుల్ అక్కర్లేదని మన పిల్లలకు నేర్పుతున్నాం. నెట్ నెమ్మదిగా ఉన్నచోటే ఫైళ్లు చేతులు మారతాయి. చేతులు మారేచోటే హ్యాష్ అవసరం. ఈ లెక్కన నిక్స్ అవసరం గచ్చిబౌలి కంటే భూపాలపల్లిలో ఎక్కువ.

3. “గ్రేడిల్ ర్యాపర్ ఉంది, డాకర్ ఉంది”

గ్రేడిల్ ర్యాపర్ పట్టి ఉంచేది గ్రేడిల్ వెర్షన్‌ను. ఎన్‌డీకే, సీమేక్, రియాక్ట్ నేటివ్ అయితే నోడ్, ఫాస్ట్‌లేన్ వాడితే రూబీ, ఇవేవీ దాని చేతిలో లేవు. జావా వెర్షన్‌ను చెప్పి పెట్టుకునే ఏర్పాటు గ్రేడిల్‌లో ఉంది, ఎవరైనా రాసుకుంటే. లైబ్రరీల లాక్, వాటి హ్యాష్‌ల తనిఖీ కూడా గ్రేడిల్‌లో ఉన్నాయి. రెండూ వాటంతట అవి ఆన్ కావు, ఎవరో తెలిసి ఆన్ చేయాలి. చిన్న ప్రాజెక్టుల్లో ఎన్నింట్లో ఆన్ చేశారో ఈ వాదం చేసేవాళ్లు తమ సొంత రిపాజిటరీలు తెరిచి చూసుకోవాలి. వెర్షన్ చివర ప్లస్ గుర్తు పెట్టి, ఏది కొత్తదైతే అది రమ్మని వదిలేసిన బిల్డ్ ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

డాకర్ విషయంలో పొరపాటు ఇంకా లోతుగా ఉంది. డాకర్ ఇమేజ్ అంటే ఒక రోజు దొరికిన ఫలితాన్ని గడ్డకట్టించడం. ఆ ఇమేజ్ ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. అది పోతే డాకర్‌ఫైల్ నుంచి మళ్లీ కట్టాలి. అందులో మొదటి వరుసల్లోనే ఆప్ట్ అప్‌డేట్ ఉంటుంది. అది ఇవాళ ఒకటిస్తుంది, ఆర్నెల్లకు ఇంకొకటిస్తుంది. వంటకం దాచుకుని వంట విధానం పారేసుకున్నట్టు. నిక్స్ ఆ విధానాన్నే రాసి పెడుతుంది. కావాలంటే దాన్నుంచి డాకర్ ఇమేజ్ కూడా తీయొచ్చు. డాకర్ నుంచి ఆ విధానాన్ని వెనక్కి తీయలేరు.

4. “ఆండ్రాయిడ్‌తో పొసగదు”

దీనికి జవాబు చేసి చూపించడమే. నిక్స్ ప్యాకేజీల భండారమైన నిక్స్‌ప్యాకేజెస్‌లో ఆండ్రాయిడ్ ఎన్వ్ అనే భాగముంది. అందులోని కంపోజ్ ఆండ్రాయిడ్ ప్యాకేజెస్ ఫంక్షన్‌కు ఏం కావాలో చెప్పాలి: ప్లాట్‌ఫామ్ 35, బిల్డ్ టూల్స్ 35.0.0, ఎన్‌డీకే వద్దు, ఎమ్యులేటర్ వద్దు. గూగుల్ ఎస్‌డీకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి అన్‌ఫ్రీ ప్యాకేజీలకు అనుమతి, లైసెన్సుకు అంగీకారం రెండు వరుసల్లో రాయాలి. దాని కింద డెవ్‌షెల్‌లో జేడీకే 17 పేరు పెట్టి, ఆండ్రాయిడ్ హోమ్‌ను ఆ ఎస్‌డీకే వైపు తిప్పాలి. అంతా కలిపి ఒక పేజీ దాటదు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిక్స్ డెవలప్ అని కొడితే ఆ పనిముట్లతో షెల్ తెరుచుకుంటుంది. బయటికొస్తే మెషీన్ ఎప్పటిలాగే ఉంటుంది.

ఇక్కడే మొదటిసారి వాడినవాళ్లు బెదిరిపోయే ఎర్రర్ వస్తుంది. గ్రేడిల్ ఏదో ఎస్‌డీకే భాగం లేదని గమనించి, తనంతట తానే దించి పెట్టబోయి, “ఎస్‌డీకే డైరెక్టరీ ఈజ్ నాట్ రైటబుల్” అని ఆగిపోతుంది. నిక్స్ స్టోర్‌లో రాయడం ఎవరికీ కుదరదు కాబట్టి. “చూశారా, పొసగలేదు” అని అక్కడికక్కడే తీసి పారేస్తారు. ఆ ఎర్రర్‌నే నెమ్మదిగా చదవండి. ఏ బిల్డ్ టూల్స్ వెర్షన్ తక్కువైందో అందులో పేరు పెట్టి చెప్తుంది. మీ ప్రాజెక్టుకు ఒక అవసరం ఉంది, అది మీరెక్కడా రాసుకోలేదు, మామూలు మెషీన్‌లో గ్రేడిల్ దాన్ని మీకు చెప్పకుండా దించేసుకునేది. నాలుగేళ్ల తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌లో మిమ్మల్ని ఏడిపించేవి అలా చెప్పకుండా చేరినవే. నిక్స్ వాటిని మొదటి రోజే బయటపెట్టింది. ఫ్లేక్‌లో ఆ వెర్షన్ చేర్చండి, ముందుకెళ్లండి.

రెండో అడ్డంకి ఏఏపీటీ 2 అనే పనిముట్టు. బొమ్మలూ లేఅవుట్లూ ఏపీకేలోకి ఎక్కించేది అదే. గ్రేడిల్ దాన్ని మావెన్ నుంచి తయారు బైనరీగా దించుతుంది. నిక్స్ మీదే కట్టిన లినక్స్ అయిన నిక్స్‌ఓఎస్ మీద లింకర్ మామూలు చోట ఉండదు కాబట్టి అది నడవదు. ఉబుంటు మీద నిక్స్ వేసుకున్నవాడికి ఈ బాధే లేదు. నిక్స్‌ఓఎస్ వాడేవాడు ఎస్‌డీకేలోని ఏఏపీటీ 2ను వాడమని గ్రేడిల్‌కు ఓవర్‌రైడ్ సెట్టింగు ఒక్కటి ఇస్తే సరిపోతుంది. స్టేటస్ అనే మెసేజింగ్ యాప్‌ను ఏళ్లపాటు రియాక్ట్ నేటివ్‌తో చేశారు. దాని బిల్డ్ వ్యవస్థ నిక్స్ మీదే నిలబడింది, ఆ సోర్సంతా ఎవరైనా చదువుకోవచ్చు. పొసగదనేవాళ్లు అది తెరిచి చూశారా?

5. ఒప్పుకోవాల్సినవి

నిక్స్ డాక్యుమెంటేషన్ చెల్లాచెదురుగా ఉంటుంది. తెలుగులో దాదాపు లేదు. ఫ్లేక్‌లు 2021 నవంబరులో నిక్స్ 2.4తో వచ్చాయి, అధికారికంగా ఇంకా ప్రయోగ దశ ముద్రతోనే ఉన్నాయి. విండోస్ మీద నిక్స్ నేరుగా నడవదు, డబ్ల్యూఎస్‌ఎల్ 2 కావాలి. 8 జీబీ మెషీన్‌లో అది బరువే. అలాంటి ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, ఎమ్యులేటర్ మానేసి, చేతిలోని ఫోన్‌లోనే యాప్‌ను పరీక్షించమంటాను. ఐఫోన్ యాప్‌కైతే మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పవు. ఎక్స్‌కోడ్‌ను నిక్స్ తన స్టోర్‌లోకి తెచ్చి ఇవ్వలేదు. ఒకే ఇన్‌పుట్లతో కట్టినంత మాత్రాన రెండు ఏపీకేలు బిట్ బిట్ ఒకటే అవుతాయన్న హామీ కూడా లేదు. దానికి ఎఫ్-డ్రాయిడ్ యాప్ భండారం, సిగ్నల్ మెసెంజర్ వాళ్లు పడ్డ శ్రమ వేరే ఉంది.

ఒక హెచ్చరిక: యాప్‌కు సంతకం పెట్టే కీస్టోర్ ఫైలును, దాని పాస్‌వర్డ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఫ్లేక్‌లో పెట్టకండి. నిక్స్ స్టోర్‌ను ఆ మెషీన్ వాడే ప్రతివాళ్లూ చదవగలరు.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ వీటిలో ఏదీ “చిన్న ఊరివాడికి అక్కర్లేదు” అన్న తీర్మానానికి దారితీయదు. నేర్చుకోవడం కష్టం అన్నదానికి జవాబు నేర్పడం. ఒక పేజీ ఫ్లేక్ రాయడానికి నిక్స్ భాష మొత్తం రానక్కర్లేదు. గ్రేడిల్ ఫైలు రాసేవాళ్లందరికీ గ్రూవీ, కాట్లిన్ పూర్తిగా వచ్చా?

6. పెద్ద కంపెనీకి ఇది సౌకర్యం, ఒంటరివాడికి ఊపిరి

ఇక అసలు మాటకు వస్తాను. పెద్ద కంపెనీలో బిల్డ్ పడిపోతే ఏమవుతుంది? దాన్ని లేపడానికే ఒక జట్టు ఉంటుంది. అందరికీ ఒకే రకం మెషీన్లు, సొంత మావెన్ నకళ్లు, పాత బిల్డులు దాచిన సర్వర్లు ఉంటాయి. నిక్స్ లేకపోయినా జీతాలిచ్చి ఆ లోటు పూడ్చుకుంటారు. మానుకోటలో ఒక్కడే పనిచేసే కుర్రాడికి పక్కన ఎవరున్నారు? బిల్డ్ పడిపోయిన రోజు అతని సంపాదన ఆగిపోతుంది. వారం గడిస్తే క్లయింట్ వెళ్లిపోతాడు. ఒకడి జ్ఞాపకంలో మాత్రమే ఉన్న బిల్డ్ అతను హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన రోజే చచ్చిపోతుంది. యాప్ కట్టించుకున్న వ్యాపారికి సోర్స్ ఉన్న జిప్ చేతిలో ఉంటుంది, దాన్ని కట్టగలిగేవాడు ఎవరూ ఉండరు. డబ్బు పెట్టి కొనుక్కున్నది తనదే అయినా వాడుకోలేని స్థితి.

“నీకింత అక్కర్లేదు” అన్న మాట వినడానికి సానుభూతిలా ఉంటుంది. చిన్న ఊళ్ల పిల్లలు చిన్న పనులే చేస్తారు, వాటికి చిన్న పనిముట్లు చాలు అన్న తీర్పు దాని లోపల ఉంది. 2020 జనవరిలో వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సయెంట్ క్యాంపస్‌లు తెరిచినప్పుడు ఐటీ మన గడప దాకా వచ్చిందని అందరం సంతోషపడ్డాం. గడప లోపలి పిల్లలకు మాత్రం పదేళ్ల కిందటి పని పద్ధతే చాలంటున్నాం. ఈ తీర్పును నేను ఒప్పుకోను.

జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో యాప్ డెవలప్‌మెంట్ నేర్పే వారందరినీ అడుగుతున్నాను: తొలి వారంలోనే పిల్లలచేత ఒక ఫ్లేక్ రాయించండి, ల్యాబ్‌లో ఒక కాష్ పెట్టండి. యాప్ కట్టించుకునే వ్యాపారులు, స్కూళ్లవాళ్లు చివరి వాయిదా చెల్లించే ముందు సోర్స్‌తోపాటు ఫ్లేక్ ఫైలు, లాక్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఇంకో మెషీన్‌లో మీ కళ్ల ముందు ఆ యాప్‌ను కట్టించి చూశాకే డబ్బివ్వండి.